కణ చికిత్స ప్రాజెక్టుకి చిన్న పెరిస్టాల్టిక్ పంపు: కొనొచ్చు, ట్యూబు మాత్రం మార్చండి

విజయనగరం, శ్రీకాకుళం కాలేజీల్లో కార్-టీ కణాల (క్యాన్సర్‌ని గుర్తుపట్టేలా జన్యువులు మార్చిన టీ కణాల) తయారీని ఆటోమేట్ చేసే ప్రాజెక్టు పెట్టుకున్న బయోటెక్ విద్యార్థులకు 12 వోల్టుల చిన్న పెరిస్టాల్టిక్ పంపు బాగా పనికొస్తుంది. లెక్కపెట్టిన స్టెప్పుల్లో తిరిగే స్టెప్పర్ మోటారు ఉన్నదే తీసుకోండి. మామూలు డీసీ మోటారు వేగం లోడుని బట్టి మారిపోతుంది, ఎన్ని మిల్లీలీటర్లు వెళ్లాయో లెక్క తేలదు.

ఇందులో ద్రవం ట్యూబుని తప్ప దేన్నీ తాకదు, రోలర్లు బయటినుంచే నొక్కి తోస్తాయి. ఆసుపత్రుల్లో ఇలాంటి కణాల తయారీకి వాడే క్లినిమాక్స్ ప్రాడిజీ యంత్రంలోనూ ద్రవాల్ని నడిపేది పెరిస్టాల్టిక్ పంపే. ట్యూబింగ్ సెట్టు ఒక్క బ్యాచ్‌కి వాడి పారేస్తారు.

పంపుతో వచ్చే ట్యూబు ఏ రకమో తెలియకపోతే పక్కన పెట్టేయండి. 121 డిగ్రీల ఆటోక్లేవ్‌కి (ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రానికి) తట్టుకునే సిలికాన్ ట్యూబు, అదే లోపలి వ్యాసంతో, అదే గోడ మందంతో కొనాలి. గోడ పల్చనైతే రోలరు పూర్తిగా నొక్కలేదు, మీడియా (కణాల్ని పెంచే పోషక ద్రవం) వెనక్కి జారుతుంది.

కొత్త ట్యూబుతో అరగంట నీళ్లు తిప్పాకే క్యాలిబ్రేషన్. త్రాసు మీద బీకరు పెట్టి 100 చుట్లు తిప్పండి. 42 గ్రాములు పడ్డాయనుకుందాం: చుట్టుకి 0.42 మిల్లీలీటరు, చుట్టుకి 200 స్టెప్పుల మోటారైతే మిల్లీలీటరుకి 476 స్టెప్పులు. మూడుసార్లు తూచి సగటు తీసుకోండి. ట్యూబు అలిసేకొద్దీ ఈ అంకె మారుతుంది కాబట్టి ప్రతి రన్‌కి ముందు మళ్లీ తూచాలి.

అసలు తంటా కరెంటుతో. పోయిన కరెంటు తిరిగి రాగానే పంపుని నడిపే ఆర్డుయినో బోర్డు ప్రోగ్రాముని మొదటినుంచి అందుకుంటుంది. అప్పటికే 20 మిల్లీలీటర్లు పోసిన ఫ్లాస్కులో ఇంకో 20 పోసేస్తుంది, మీడియా మూత ఫిల్టరుదాకా వచ్చి తడిపేస్తుంది, ఆ బ్యాచ్ ఇక పనికిరాదు. మిల్లీలీటరు పోసిన ప్రతిసారీ లెక్కని ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) రాయించండి. ఫ్లాస్కు కింద బరువు కొలిచే లోడ్ సెల్ పెడితే ఇంకా భద్రం.

పంపుని ఇంక్యుబేటర్‌లో పెట్టొద్దు. అక్కడి తేమకి మోటారు తుప్పు పడుతుంది, మోటారు వేడికి 37 డిగ్రీలు నిలవవు. వెనకున్న పోర్టులోంచి ట్యూబులు మాత్రమే లోపలికి పంపాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన మీడియాని వెంటనే ఎక్కిస్తే వేడెక్కేటప్పుడు బుడగలు లేస్తాయి, కొలత తప్పుతుంది.

మీడియా పోయడానికి, కణాలు అడుగున కూర్చున్నాక పైది తీయడానికి ఈ పంపు చాలు. కణాల్నే దీని గుండా నడపాలంటే మాత్రం జాగ్రత్త. ఈస్ట్‌తో పరీక్షించి బాగుందనుకోవద్దు: ఈస్ట్‌కి గట్టి గోడ ఉంది, టీ కణానికి పల్చటి పొర తప్ప ఏమీ లేదు. రోలరు కింద అది నలిగిందో లేదో తెలియాలంటే పంపుకి ముందూ తర్వాతా ట్రిపాన్ బ్లూ వేసి, నీలంగా మారిన (అంటే చచ్చిన) కణాల్ని లెక్కపెట్టి చూడాలి.

వాడనప్పుడు ట్యూబుని రోలర్లున్న హెడ్‌లోంచి తీసేయండి. నొక్కి ఉంచేస్తే ఆ చోట చదునై, త్వరగా పాడవుతుంది.