డిన్ రైల్ టెర్మినల్ బ్లాకులు కొంటున్నారా? ఒకటి విప్పి అయస్కాంతం పెట్టి చూడండి

గీజర్ వేసిన పది నిమిషాలకి చేప మాడినట్టు వాసన. వంటింట్లో పొయ్యి కూడా వెలిగించలేదు. వాసన పట్టుకుని వెళ్తే జంక్షన్ బాక్సు దగ్గర తేలాను. నేనే మూడు వారాల క్రితం వైరింగ్ చేసిన బాక్సు అది.

మెయిన్ ఆపి మూత తీస్తే, డిన్ రైల్ అనే సన్నటి లోహపు పట్టా మీద వరుసగా తగిలించి, వైర్లని స్క్రూలతో కలిపే టెర్మినల్ బ్లాకుల్లో మూడోది బూడిద రంగు పోయి గోధుమ రంగుకి వచ్చేసింది. దానికి బిగించిన వైరు తొడుగు రెండంగుళాల మేర బిరుసెక్కింది. స్క్రూ విప్పుదామని తిప్పితే బిగువే లేదు, ఊరికే తిరుగుతోంది. త్రెడ్ ఎప్పుడో పోయింది. కరెంటు మోతాదు మించితే ఆపేసే ఎంసీబీ మాత్రం పడలేదు. ఎందుకు పడుతుంది? జాయింటు వేడెక్కితే కరెంటేమీ పెరగదు కదా.

ఈ బ్లాకులు ఆన్‌లైన్‌లో కొన్నాను. 4 స్క్వేర్ ఎంఎం వైరుకి, 32 ఆంపియర్లు, ‘రాగి పట్టీ, మంట అంటుకోని నైలాన్’ అని రాశారు. 50 ఒకే ప్యాకెట్లో, మామూలు ధరలో సగానికే వస్తున్నాయంటే కక్కుర్తి పడ్డాను. వచ్చినవాటి మీద తయారీదారు పేరు గానీ, ఇలాంటి బ్లాకుల అంతర్జాతీయ ప్రమాణం ఐఇసి 60947-7-1 అన్న ముద్ర గానీ లేవు. 35 మి.మీ. రైలు మీద పెడితే కొన్ని వదులుగా ఊగాయి. అప్పుడే ఆగాల్సింది. ప్లాస్టిక్ కదా, కాస్త అటూ ఇటూ ఉంటుందిలే అనుకున్నాను.

కాలిన బ్లాకు పగలగొట్టి లోపలి పట్టీ బయటికి తీశాను. పైన తళతళలాడుతోంది. చాకు మొనతో గీకితే ఎర్రగా రాగి కనపడాలి, లేదా ఇత్తడి పసుపు. నాకు కనపడింది నల్లటి బూడిద రంగు. అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అతుక్కుంది. మెరుగు పూత వేసిన ఇనుము! వాడని బ్లాకులు కూడా విప్పి చూశాను, చూసిన ప్రతిదీ అంతే.

ఇక్కడ ఒకటి గమనించండి. స్క్రూ, దాన్ని పట్టుకునే చిన్న క్లాంపు చాలా మంచి బ్లాకుల్లో కూడా ఉక్కువే ఉంటాయి, వాటి పని గట్టిగా పట్టుకోవడం. కాబట్టి బ్లాకు బయటినుంచి అయస్కాంతం పెట్టి నకిలీ అనుకోకండి. కరెంటు నడిచే పట్టీనే విడిగా చూడాలి.

ఇనుముకి రాగి కంటే దాదాపు ఆరు రెట్లు నిరోధం ఎక్కువ. దానికి తోడు త్రెడ్ మెత్తగా ఉండి వైరు గట్టిగా బిగియదు. ఆ జాయింటులో 10 మిల్లీ ఓమ్‌ల నిరోధం ఉందనుకుందాం. నా గీజర్ తీసుకునేది 13 ఆంపియర్లు, లెక్కేస్తే 1.7 వాట్ల వేడి. అంకె చిన్నదే. కానీ 6 మి.మీ. మందం ప్లాస్టిక్ ముక్క లోపల అది పోవడానికి దారి లేదు. వేడెక్కి, చల్లారి, మళ్ళీ వేడెక్కి స్క్రూ ఇంకా వదులవుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది.

ఇదంతా ఒక ఎత్తు, ఎర్త్ బ్లాకు ఒక ఎత్తు. ఆకుపచ్చ-పసుపు బ్లాకు అడుగున లోహపు కాలు ఉండి రైలుని కరిచి పట్టుకోవాలి. రైలే అన్ని ఎర్త్‌లనీ కలుపుతుంది. నేను వచ్చే ఎర్త్ ఒక బ్లాకుకీ, గీజర్‌కి వెళ్ళే ఎర్త్ ఇంకో బ్లాకుకీ ఇచ్చాను. అనుమానం వచ్చి మల్టీమీటరు పెడితే రెంటి మధ్యా బీప్ లేదు, అంటే అవి కలవనే లేదు. తిప్పి చూస్తే అడుగు మొత్తం ప్లాస్టిక్కే. మామూలు బ్లాకుకి రంగు మార్చి ఎర్త్ అని అమ్మారు! అంటే ఈ మూడు వారాలూ గీజర్‌కి ఎర్త్ లేదన్నమాట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అమ్మినవాళ్ళకి ఫోటోలు పంపితే, “మీరు పోగుల వైరుకి సోల్డర్ వేసి బిగించారు, అందుకే కాలింది” అన్నారు. ఒక వైరుకి సోల్డర్ వేసిన మాట నిజం, అది నా తప్పే. స్క్రూ ఒత్తిడికి సోల్డర్ నెమ్మదిగా నలిగి వదులైపోతుంది, ఫెర్రుల్ (పోగుల వైరు కొసకి తొడిగే చిన్న లోహపు గొట్టం) వేసి నొక్కాల్సింది. కానీ ఆ వైరు ఉన్నది ఏడో బ్లాకులో, కాలింది మూడోది. ఇనుప పట్టీ సంగతేంటని అడిగాక ఇక జవాబు లేదు. ప్యాకెట్ రెండు వారాలు విప్పకుండా పెట్టడంతో వాపసు గడువు కూడా దాటిపోయింది. మీరు వచ్చిన రోజే ఒకటి విప్పండి, ఎర్త్ బ్లాకుని రైలుకి తగిలించి, దాని స్క్రూకీ రైలుకీ మధ్య మల్టీమీటరులో బీప్ వస్తుందో లేదో చూడండి.

ఇప్పటికే ఇలాంటివి బిగించేసినవాళ్ళు ముందు గీజర్, మోటారు లాంటి పెద్ద లోడ్ల బ్లాకులు చూసుకోండి. మెయిన్ ఆపాక మల్టీమీటరుతో కరెంటు లేదని ఖాయం చేసుకునే చెయ్యి పెట్టండి. రంగు మారిన బ్లాకు కనపడితే స్క్రూ మళ్ళీ బిగించి వదిలేయకండి. బ్లాకు మార్చండి, బిరుసెక్కిన వైరు మంచి భాగం వచ్చేదాకా కోసేయండి. నా వైరు పొట్టిదైపోయి కొత్తది లాగాల్సి వచ్చింది.