ఇంట్లోనే లెక్కలు: రంగు దిమ్మెలు మేలా, పూసల చట్రం మేలా?

మా పెద్దవాడికి ఆరేళ్లు నిండిన కొత్తలో పదమూడును 31 అని రాసేవాడు. దిద్దితే మార్చుకునేవాడు, మర్నాడు మళ్లీ అదే. ఒకరోజు పక్కన కూర్చుని వాడు పైకి చదువుకుంటూ రాయడం విన్నాను. "థర్టీన్" అంటున్నాడు. ఆ మాటలో ముందు వినబడేది మూడు, పది తర్వాత వస్తుంది. చెవికి అందిన వరుసలోనే చెయ్యి రాస్తోంది! వాడికి ఎలాంటి లెక్కల పుస్తకం కావాలో నాకు ఆ రోజే కొంత తెలిసింది.

మేముండేది అమెరికాలోని టెక్సస్‌లో. పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెబుతున్నాం. ఇంటి చదువును ప్రైవేటు బడి చదువుగా గుర్తిస్తూ ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లో తీర్పు ఇచ్చింది. లెక్కలు చెప్పి తీరాలి, ఏ పుస్తకంతో చెప్పాలన్నది అమ్మానాన్నల ఇష్టం. వస్తువులను చేత్తో పట్టుకుని నేర్చుకునే పద్ధతుల్లో ఇక్కడి కుటుంబాల నోట తరచూ వినిపించే పేర్లు రెండు: మ్యాథ్-యు-సీ, రైట్‌స్టార్ట్. రెండింటినీ ముందు పెట్టుకుని చాలా రాత్రులు ఆలోచించాం.

మ్యాథ్-యు-సీని రూపొందించినవారు స్టీవ్ డెమ్మీ. దానికి ప్రాణం ప్లాస్టిక్ దిమ్మెలు. ఒకటి నుంచి పది వరకు ఒక్కో అంకెకు ఒక్కో రంగు, ఒక్కో పొడవు. వందకు చదరంగా ఉండే ఎర్రటి పలక. ఎనిమిది దిమ్మె పక్కన ఆరు దిమ్మె పెట్టి, పది దిమ్మెతో పోల్చి చూస్తే ఎనిమిదికి ఇంకా రెండు కావాలని కంటికే తెలుస్తుంది. ప్రతి పాఠానికీ వీడియో ఉంటుంది. పుస్తకాలకు గ్రీకు అక్షరాల పేర్లు పెట్టారు. ఆల్ఫాలో ఒక అంకె కూడికలు, తీసివేతలు. బీటాలో అవే పెద్ద సంఖ్యలతో. గామా గుణకారం, డెల్టా భాగహారం, ఎప్సిలాన్ భిన్నాలు, జీటా దశాంశాలు. ఒకటి గట్టిపడేదాకా రెండోదాని జోలికి వెళ్లరు. వారానికో కొత్త అంశం వస్తే బెదిరిపోయే పిల్లలకు ఈ నిదానం ఎంతో మేలు చేస్తుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న తల్లికి వీడియో పెద్ద ఆసరా.

అయితే వీసా మీద ఉన్న మన కుటుంబాలు ఒక విషయం గట్టిగా ఆలోచించుకోవాలి. ఎప్పుడు హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగి వెళ్లాల్సి వస్తుందో తెలియదు. మూడో తరగతి వయసు పిల్లవాడు అప్పటికి గామా మధ్యలో ఉంటే గుణకారం బాగా వస్తుంది, భాగహారం, భిన్నాలు దాదాపు కొత్త. అక్కడి బడిలో అవన్నీ కొంచెం కొంచెంగా కలిసే నడుస్తాయి. పిల్లవాడికి తెలివి తక్కువై కాదు, పుస్తకం వరుస వేరు కావడం వల్లే వెనకబడినట్టు కనబడతాడు. అది వాడి మనసుకు తగులుతుంది.

రైట్‌స్టార్ట్ జోన్ కాటర్ రూపొందించినది. ఇందులో ముఖ్యమైన వస్తువు పూసల చట్రం. పది తీగలు, తీగకు పది పూసలు, వాటిలో ఐదు నీలం, ఐదు పసుపు. ఐదు వరుసలు దాటాక రంగుల క్రమం తిరగబడుతుంది కాబట్టి యాభై ఎక్కడ పూర్తయిందో చూపుకే అందుతుంది. మావాడు 8, 6 కూడిన తీరు చెబుతాను. పై తీగ మీద ఎనిమిది జరిపాడు: ఐదు నీలం, మూడు పసుపు. కింది తీగ మీద ఆరు: ఐదు నీలం, ఒక పసుపు. రెండు నీలం గుంపుల మీద వేలు పెట్టి "ఇవి పది" అన్నాడు. మిగిలిన పసుపు పూసలు నాలుగు. ఒకటి, రెండు అని లెక్కపెట్టడం లేదు, వేళ్లు ముడవడం లేదు. నేను చాలాసేపు ఆ చట్రం వైపే చూస్తూ ఉండిపోయాను.

ఈ పద్ధతిలో మొదట్లో సంఖ్యలకు ఇంగ్లీషు పేర్లు పక్కన పెట్టి "పది-ఒకటి, పది-రెండు, రెండు-పదులు" అని పలికిస్తారు, స్థాన విలువ మాటలోనే వినబడాలని. తెలుగు మాట్లాడే ఇంటికి ఇది సగం అమరి ఉన్న వరం. పదమూడు, పదిహేను, పదహారు: పది ముందే ఉంది. ఇరవైలో రెండు, ముప్పైలో మూడు, నలభైలో నాలుగు, అరవైలో ఆరు తొంగి చూస్తాయి. ఇరవై ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా దాపరికమే లేదు. నేను పాఠాలు ఇంగ్లీషులో చదివి, సంఖ్యలు తెలుగులో పలికించాను. 10 అని రాసిన కార్డు మీద, సున్నా కప్పేలా 3 కార్డు పెట్టించి "పదమూడు" అనిపించాను. రెండు వారాల్లో 31 కనబడకుండా పోయింది.

దీనికి చెల్లించాల్సింది సమయం. ప్రతి పాఠంలో తల్లో తండ్రో పక్కన కూర్చోవాలి, ఎక్కాలు, కూడికలు గట్టిపడేందుకు పెట్టిన పేక ముక్కల ఆటలు కలిసి ఆడాలి. ఏం చెప్పాలో పుస్తకంలో మాట మాట రాసి ఉంటుంది, నిజమే. కానీ చెప్పే మనిషి ఉండాలి కదా. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ సాయంత్రం అలసిపోయి కూర్చునే ఇంట్లో ఇది అటకెక్కుతుంది.

మాంటిస్సోరి బంగారు పూసలను కూడా చూశాం. ఒక పూస, పది పూసల కడ్డీ, వంద పూసల చదరం, వెయ్యి పూసల ఘనం. వెయ్యి అంటే ఎంతో అరచేతికి బరువుతో చెప్పే వస్తువు మరొకటి నేను చూడలేదు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో స్వయంగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆ శిక్షణ లేకుండా ఇంట్లో ఆ సామగ్రి మొత్తం నడపడం కష్టం, ఖర్చూ ఎక్కువే.

హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలు కూడా పాపకు ఇంట్లోనే చెబుతోంది. అమెరికా నుంచి ఇవేవీ తెప్పించుకోవద్దన్నాను. డాలర్లు, అంగుళాలు, మిలియన్లు ఆ పాపకెందుకు? లక్ష, కోటి ఉండవు, కామాలు పెట్టే చోటూ వేరు. ఢిల్లీలోని జోడో జ్ఞాన్ సంస్థ వాడకంలోకి తెచ్చిన గణిత్‌మాల ఉంది: వంద పూసల దండ, పదికోసారి రంగు మారుతుంది. చెల్లెలు బజారులో రెండు రంగుల పూసలు కొని తనే గుచ్చుకుంది. గోడకు కట్టి, పాప 47 దగ్గర బట్టల క్లిప్పు పెడుతుంది. పుస్తకాలు ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. తర్వాత జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ప్రాథమిక స్థాయి పరీక్షలకు, అంటే మూడో తరగతికి సమానమైన ఎ, ఐదుకు సమానమైన బి స్థాయిలకు, ఈ దారే దగ్గర.

ఇక్కడ ఉన్నవారు నన్ను అడిగితే: బిడ్డకు ఏడేళ్ల లోపు ఉండి, రోజూ అరగంట పక్కన కూర్చోగలిగితే రైట్‌స్టార్ట్. తనంతట తాను పేజీ తిప్పుకుంటూ రాసుకునే పిల్లలైతే, లేదా మీకు తీరిక అంతంత మాత్రమైతే మ్యాథ్-యు-సీ. ఏదైనా సరే, కొనేముందు ఆ సంస్థలు ఉచితంగా ఇచ్చే స్థాయి పరీక్ష పెట్టండి, తరగతిని బట్టి కొనకండి. దిమ్మెలు, చట్రాలు అరిగేవి కావు, వాడినవి తక్కువ ధరకు దొరుకుతాయి. పిల్లలు రాసే పుస్తకం మాత్రం ఏటా కొత్తది తీసుకోవాలి.