రోటరాక్ట్ క్లబ్బా, యూత్ ఎక్స్ఛేంజా?

రెండూ రోటరీ అనే సేవా సంస్థవే, కానీ మనిషిని మలిచే తీరు వేరు. 1968లో మొదలైన రోటరాక్ట్ అనే సేవా క్లబ్బుల్లో 18 ఏళ్లు నిండినవాళ్లు చేరొచ్చు. పై వయసు పరిమితిని 2020లో ఎత్తేశారు. రక్తదాన శిబిరం పెట్టాలంటే చందాలడగాలి, లెక్కలు చెప్పాలి, వస్తానని రానివాళ్లను బతిమాలాలి. ఓర్పు అలవడేది అక్కడే.

ఎక్స్ఛేంజ్ 15 నుంచి 19 ఏళ్ల వాళ్లకు. దీర్ఘకాలికమైతే దాదాపు ఒక విద్యా సంవత్సరం పరాయి దేశంలో, పరాయి ఇంట్లో, పరాయి భాషలో గడపాలి. తరచుగా ఒకటికి మించిన కుటుంబాలతో సర్దుకోవాలి. మొదట్లో జోకు అర్థం కాకపోయినా అందరితోపాటు నవ్వేయాలి (అదీ ఒక చదువే!). తిరిగొచ్చాక సొంత ఇల్లే కొత్తగా కనిపిస్తుంది.

నన్నడిగితే, వయసుండగా ఎక్స్ఛేంజ్‌కే వెళ్లమంటాను. క్లబ్బులో తర్వాతైనా చేరొచ్చు.