ఒక్క పంది కోసం రెండు సైన్యాలు మోహరించిన ద్వీపం: శాన్ వాన్ జాతీయ చారిత్రక ఉద్యానం

సియాటిల్, రెడ్మండ్ ప్రాంతాల తెలుగు కుటుంబాలలో చాలామంది శాన్ వాన్ ద్వీపానికి వెళ్లేది తిమింగలాలను చూడడానికే. ప్రవేశ రుసుము లేని ఈ చారిత్రక ఉద్యానానికి ఒక గంట మాత్రమే మిగుల్చుకుంటే అన్యాయం చేసినట్టే.

అమెరికా, బ్రిటన్‌ల మధ్య కుదిరిన 1846 నాటి ఒరెగాన్ ఒప్పందం, రెంటి సరిహద్దు వాంకూవర్ ద్వీపానికీ ప్రధాన భూభాగానికీ నడుమనున్న జలమార్గం మధ్యగా సాగుతుందని రాసిందే తప్ప, అక్కడ హారో, రొజారియో అని రెండు జలసంధులు ఉన్న సంగతి పట్టించుకోలేదు. ఆ రెంటి మధ్య చిక్కిన ఈ ద్వీపంలో 1859 జూన్ 15న లైమన్ కట్లర్ అనే అమెరికన్, తన బంగాళాదుంపల మడిలో పడిన, హడ్సన్స్ బే కంపెనీ అనే బ్రిటిష్ వ్యాపార సంస్థ పందిని కాల్చి చంపాడు. పరిహారం మీద మొదలైన మాటామాటా ముదిరి, జూలై 27న అమెరికన్ కెప్టెన్ పికెట్ 66 మంది సైనికులతో దిగేదాకా, వాంకూవర్ ద్వీపపు బ్రిటిష్ గవర్నర్ డగ్లస్ యుద్ధనౌకలను పంపేదాకా వెళ్లింది. ఆగస్టు ఆఖరుకు ఒడ్డున 14 ఫిరంగులతో 461 మంది అమెరికన్లు, ఎదురుగా 70 ఫిరంగులున్న ఐదు బ్రిటిష్ నౌకలలో 2,140 మంది ఉన్నారు.

ఈ అంకెలకు అర్థం తెలిసేది అమెరికన్ క్యాంప్‌లోని మట్టిబురుజు ఎక్కినప్పుడే. పికెట్ మొదట డేరాలు వేసిన చోటు నౌకల ఫిరంగులకు అందేంత దగ్గర. తర్వాత శిబిరాన్ని గట్టు మీదికి మార్చి, ఈ బురుజును తవ్వించారు. ఇప్పుడు గడ్డి పట్టిన ఆ కట్ట మీద నిలబడితే ఇటు గ్రిఫిన్ అఖాతం, అటు హువాన్ డి ఫ్యూకా జలసంధి రెండూ కనిపిస్తాయి. ఎవరు ఎటునుంచి వచ్చినా ఇక్కడివారికి ముందే తెలిసిపోతుంది. పని చేయించిన హెన్రీ రాబర్ట్ అనే లెఫ్టినెంట్, తరువాతి కాలంలో సభలు సజావుగా నడిపే నియమాలు రాసి పేరు తెచ్చుకున్నాడన్నది నాకు ముచ్చటగా తోచిన సంగతి. అయితే ముందుగా సందర్శకుల కేంద్రంలో కథ తెలుసుకోకుండా నేరుగా వచ్చేవారికి ఇది గాలి వీచే గడ్డిమైదానంగానే మిగిలిపోతుంది.

ద్వీపం రెండో కొసనున్న ఇంగ్లిష్ క్యాంప్ తీరే వేరు. పంది గొడవకు రెండు దేశాలను యుద్ధంలోకి దించనని బ్రిటిష్ అడ్మిరల్ బేన్స్ మొరాయించడం, అమెరికన్ జనరల్ స్కాట్ వచ్చి రెండు సైన్యాలూ ద్వీపంలో ఉండే ఉమ్మడి ఆక్రమణకు ఒప్పించడం జరిగాక, 1860 మార్చిలో రాయల్ మెరైన్లు అనే బ్రిటిష్ నౌకాదళ సైనికులు గ్యారిసన్ అఖాతం ఒడ్డున స్థిరపడ్డారు. తెల్లని బ్లాక్‌హౌస్ (కాపలా కట్టడం), పూలతోట చూస్తే ఇది యుద్ధానికి కాచుకున్న చోటంటే నమ్మబుద్ధి కాదు. 1872 అక్టోబరు 21న మధ్యవర్తిగా ఉన్న జర్మన్ చక్రవర్తి మొదటి విల్హెల్మ్ ద్వీపాన్ని అమెరికాకు ఇస్తూ తీర్పు చెప్పేదాకా వారు ఇక్కడే ఉన్నారు.

ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించినది దూరానికే, ఎందుకంటే రెండు శిబిరాలూ ఫ్రైడే హార్బర్ రేవుకు నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో లేవు. వేసవిలో అనకోర్టెస్ నుంచి కారుతో ఫెర్రీ ఎక్కేవారు ముందే రిజర్వు చేసుకోవాలి. భోజనం రేవు ఊళ్లోనే కట్టించుకుని వెళ్లడం మేలు.