ఆయాసం వస్తే కూర్చోవడం మేలా, బోర్లా పడుకోవడం మేలా?

విశాఖలో వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు పోర్టు దుమ్ములో ఉండేవాళ్లకు ఆయాసం కొత్తేం కాదు. అయినా అర్ధరాత్రి పెద్దాయనకు ఊపిరాడకపోతే మనవాళ్ల నోట వచ్చే మొదటి మాట "కాస్త పడుకో నాన్నా". వద్దు! వెల్లకిలా పడుకుంటే పొట్ట డయాఫ్రమ్‌ని (ఊపిరితిత్తుల కింద ఉండే శ్వాస కండరాన్ని) పైకి నెట్టి ఊపిరితిత్తులకు చోటు తగ్గిస్తుంది, గుండె జబ్బు ఆయాసమైతే మరీ ముదురుతుంది. దాన్ని లెక్కలోంచే తీసేయండి.

నా ఓటు ముందుకు వంగి కూర్చోవడానికే. కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా డైనింగ్ టేబుల్ మీద రెండు దిండ్లు పెట్టి, మోచేతులు వాటిపై ఆనించి తల వాల్చుకోమనండి. చేతులకు ఆసరా దొరికితే మెడ, ఛాతీ కండరాలు పక్కటెముకలను లాగే పనిలో పడతాయి. సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లలో చదునైపోయిన డయాఫ్రమ్‌కి కూడా ఈ భంగిమలో కొంత పట్టు వస్తుంది. గుండె జబ్బయితే కాళ్లు కిందికి వేలాడాలి, అప్పుడు గుండెకు చేరే రక్తం కాస్త తగ్గి భారం దిగుతుంది.

అలా కూర్చునే ఓపిక లేకపోతే మంచం మీద 45 డిగ్రీలు వాల్చి కూర్చోబెట్టడం రెండో దారి. ఇక్కడ అందరూ తల కింద మాత్రమే దిండ్లు పేరుస్తారు, గడ్డం ఛాతీకి తగిలి గొంతు నొక్కుకుపోతుంది. దిండు నడుము దగ్గర్నుంచే మొదలవ్వాలి, జారిపోకుండా మోకాళ్ల కింద ఇంకోటి.

మరి బోర్లా? 2021లో కోవిడ్ సెకండ్ వేవ్‌లో రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే బోర్లా పడుకోమని కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది, అది వాట్సాప్‌లో తిరిగి తిరిగి అన్ని ఆయాసాలకూ మందైపోయింది. 2013లో ఫ్రాన్స్ డాక్టర్లు ప్రచురించిన పరిశోధనలో రోజుకు 16 గంటలకు తక్కువ కాకుండా బోర్లా ఉంచితే 28 రోజుల్లో మరణాలు 32.8 శాతం నుంచి 16కి తగ్గాయి, నిజమే, కానీ వాళ్లంతా వెంటిలేటర్ మీదున్న తీవ్రమైన ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి, నీరు చేరి ఆక్సిజన్ అందని స్థితి) రోగులు. ఉబ్బసంతో ఎగశ్వాస పీలుస్తున్న మనిషిని బోర్లా తిప్పకండి. గర్భిణులకూ, తిన్న గంటలోపూ వద్దు.

ఒక్క పక్కనే న్యుమోనియా ఉంటే బాగున్న ఊపిరితిత్తి కిందికి ఉండేలా పక్కకు పడుకోవచ్చు, అదీ డాక్టర్ చెప్పాకే, ఎందుకంటే రక్తం కక్కుతుంటే లెక్క తిరగబడుతుంది.

పెదాలు నీలంగా మారినా, ఒక వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేకపోయినా 108కి ఫోన్ చేయండి, బండి ఎక్కించేటప్పుడు స్ట్రెచర్ తలవైపు ఎత్తి పెట్టమని అడగండి.