మే నెలాఖరులో హావ్‌లాక్ స్కూబాకి ముందే డబ్బు కట్టకండి

ఈ రోజుల్లో అండమాన్ వెళ్తున్నవాళ్లు, ముఖ్యంగా హావ్‌లాక్‌లో స్కూబా (వీపున గాలి ట్యాంకు కట్టుకుని నీళ్లలోకి దిగే డైవ్) కోసం ఏజెంటుకి అడ్వాన్స్ పంపబోతున్నవాళ్లు కాస్త ఆగండి. నిన్న రాత్రే హైదరాబాద్ తిరిగొచ్చాం. కోపం ఇంకా తగ్గలేదు.

పేరు రాయడం లేదు. తెలుగువాళ్లకి ప్యాకేజీలు అమ్మే మనిషి, 'అన్నా' అని తప్ప పిలవడు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే అతని మెసేజ్ మీలో చాలామంది చూసే ఉంటారు. మేం నలుగురం. బోటులో పగడాల దగ్గరికి తీసుకెళ్లి అరగంట డైవ్, తలకి 6,500. మర్నాడు ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్, అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైనుంచే కిందికి చూడటం. మొత్తం డబ్బు ముందే కట్టించుకున్నాడు.

కట్టే ముందు అడిగాను. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే అండమాన్‌ని తాకుతాయి, మామూలుగా మే మూడో వారానికే వచ్చేస్తాయి కదా, సముద్రం ఎలా ఉంది అని. జవాబుగా ఒక వీడియో పంపాడు. అడుగున ఇసుక దాకా కనబడే నీలం నీళ్లు, చేపల గుంపులు. కింద "పొద్దున్నే తీసింది అన్నా, క్లియర్‌గా ఉంది" అని రాశాడు. మా పిల్లలు దాన్ని ఎన్నిసార్లు చూశారో.

అక్కడికి వెళ్తే బోటు లేదు. గాలి ఎక్కువగా ఉందని ఒడ్డు నుంచే దించారు. నీళ్లు కుడితిలా ఉన్నాయి, చెయ్యి చాస్తే వేళ్లు కనబడలేదు. ఇన్‌స్ట్రక్టర్ మంచివాడు, ఆ మాట చెప్పి తీరాలి. ముక్కు మూసుకుని గాలి ఊది చెవుల్లో ఒత్తిడి ఎలా తగ్గించుకోవాలో పిల్లలకి ఓపిగ్గా నేర్పాడు, నీళ్లలో వాళ్ల ట్యాంకు పట్టుకున్న చెయ్యి వదల్లేదు. కానీ చూడ్డానికి ఏముంది? దగ్గరికెళ్తే కనబడిన కాస్త పగడం కూడా తెల్లగా పాలిపోయి ఉంది. వేసవిలో నీళ్లు మరీ వేడెక్కితే పగడాలు అలా రంగు కోల్పోతాయి. 2010లో అండమాన్‌లో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. పది నిమిషాల్లో పైకి తెచ్చేశారు.

ఒళ్లు తుడుచుకుంటూ ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగాను. "వారం నుంచీ నీళ్లు ఇలాగే ఉన్నాయి, మీ ఏజెంటుకి రోజూ చెబుతూనే ఉన్నాం" అన్నాడు. వీడియో చూపిస్తే, "ఇది నేను తీసిందే, ఫిబ్రవరిలో" అన్నాడు.

అక్కడి నుంచే ఏజెంటుకి ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టాను, మా ఆవిడ, పిల్లలు అందరూ వింటున్నారు. "వీడియో ఏ రోజుదో మీరు అడగలేదు కదా అన్నా" అన్నాడు. పొద్దున్నే తీసింది అని రాశావు కదా తమ్ముడూ అంటే, "అవును, పొద్దున్నే తీసింది. ఇవాళ పొద్దున్న అని రాయలేదు కదా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. తర్వాత "సముద్రం నా చేతిలో ఉంటుందా" అని పెట్టేశాడు. సముద్రం ఎవరి చేతిలోనూ ఉండదు. అది ఎలా ఉందో నిజం చెప్పడం మాత్రం పూర్తిగా అతని చేతిలోనే ఉంది.

ఒడ్డు నుంచి చేసే డైవ్ 3,500 అని అక్కడే బోర్డు మీద ఉంది. ఆ తేడా కూడా తిరిగివ్వలేదు. మర్నాడు ఎలిఫెంట్ బీచ్ బోట్లు ఆపేశారు. దానికీ పైసా రాలేదు. బదులుగా, తిరిగెళ్లే రోజు పొద్దున్నే ఇంకో డైవ్ ఫ్రీగా చేయిస్తానన్నాడు! సాయంత్రం మా ఫ్లైట్ అని తెలిసీ. డైవ్ చేశాక ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి టైమ్ పడుతుంది. ఒక్క డైవ్‌కి కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలని డైవింగ్‌లో అందరూ చెప్పే నియమం. "ఏం కాదన్నా, అందరూ చేస్తారు" అన్నాడు, పిల్లలున్న కుటుంబంతో. పోయిన డబ్బు కంటే ఈ మాటకే నాకు ఎక్కువ ఒళ్లు మండింది.

వెళ్తే ఏప్రిల్ లోపే వెళ్లండి. మేలో తప్పకపోతే డైవ్ సెంటర్‌కే నేరుగా ఫోన్ చేసి, నీళ్లలో ఎన్ని మీటర్ల దాకా కనబడుతోందో అడిగి, ఒడ్డున నీళ్లు చూశాకే డబ్బివ్వండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు ఎక్కువ, ఆ రోజులు వదిలేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేస్తున్నాను. ఇదే వీడియో మీకూ వచ్చి ఉంటే, తేదీతో సహా ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ నాకు పంపండి, ఫిర్యాదుకి జత చేస్తాను.