జాగ్రత్త! "అన్నిటికీ కామెంటరీ ఉందండి" అని అవతార్ డిస్కులు అంటగడుతున్నారు

కోపం చల్లారకముందే రాస్తున్నా, ముందూ వెనకా అయితే సర్దుకుని చదువుకోండి. ఎవరి గురించో మీకు చెప్పక్కర్లేదు. మన కలెక్టరు గారేనండి, జిల్లాకి కాదు, డిస్కులకి. బొమ్మలు, పోస్టర్లు, బాక్సు సెట్లు "నా సొంత కలెక్షన్ లోంచి తీసి ఇస్తున్నానండి" అంటూ రావులపాలెం బస్టాండులో చేతికందిస్తారే, ఆయన. అమలాపురం నుంచి భీమవరం దాకా ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ తెలిసిన మనిషే. పేరెందుకు, నంబరు ఎలాగూ మార్చేశారు.

సరుకు: అమెరికా బొమ్మల సీరియల్ అవతార్, ద లాస్ట్ ఎయిర్‌బెండర్, కంప్లీట్ సిరీస్, బ్లూ-రే, ఒరిజినల్, 9 డిస్కులు, 61 ఎపిసోడ్లు, అన్నిటికీ కామెంటరీ. 5,600 రూపాయలు. యూపీఐలో ముందే కొట్టించుకున్నారు. "మీరు మనోళ్ళు కాబట్టి ఈ రేటండి" అని ఆ పైన ఒక మాట ఫ్రీ.

ఆ "అన్నిటికీ కామెంటరీ" అన్న దగ్గరే దొంగతనం ఉంది. ఈ సీరియల్‌కి తీసినవాళ్ళ కామెంటరీ (బొమ్మ ఆడుతుంటే ఇంకో ఆడియో ట్రాక్‌లో వాళ్ళు చెప్పే కబుర్లు) ఉన్నమాట నిజమే గానీ అన్ని ఎపిసోడ్లకీ లేదు, కొన్నిటికే ఉంది. 61కి 61 ఉందని ఎవరైనా అంటే, ఆ మనిషి డిస్కు చూడలేదనైనా అనుకోవాలి, లేదా మనం చూడమనైనా ఆయన అనుకుని ఉండాలి. ఈయన రెండో రకం.

కామెంటరీ లేకపోతే ఏం పోయింది అంటారేమో. మొదటిసారి కథ కోసం చూస్తాం. రెండోసారి, మూడోసారి పెట్టేది కథ కోసం కాదు కదా. సీరియల్లోని ఒమాషూ ఊళ్ళో కేబేజీల బండివాడు మొదటిసారి కనబడగానే "వచ్చాడ్రా పాపం" అనడానికీ, ఎడారిలో కాక్టస్ రసం తాగి హీరో స్నేహితుడు సొక్కా వేసే వేషాల దగ్గర పాజ్ కొట్టి మళ్ళీ వెనక్కి తిప్పడానికీ పెడతాం. నలుగురు కూర్చుంటే మన గోదారోళ్ళ నోరు ఎలాగూ ఊరుకోదు. (సొక్కా పుట్టింది దక్షిణ ధ్రువంలో అంటారు గానీ, ఆ వెటకారం మాత్రం ఖచ్చితంగా కోనసీమదే.) అలాంటప్పుడు తీసినవాళ్ళే పక్కన కూర్చుని, ఈ సీనులో ఇది ఎందుకు పెట్టాం, ఇక్కడ ఏది తీసేశాం అని చెబుతుంటే వచ్చే మజా వేరు. డబ్బు పెట్టింది దానికి.

ఇప్పుడు లోపల ఏముందో చెప్తా.

మొదటి డిస్కు శుభ్రంగా ఉంటుంది. బేరం కుదిరేముందు ల్యాప్‌టాప్‌లో ఆడించి చూపించేది కూడా అదొక్కటే. గుర్తుపెట్టుకోండి, మోసం ఎప్పుడూ రెండో డిస్కు నుంచే మొదలవుతుంది. అక్కణ్ణుంచి కొన్ని ఎపిసోడ్లు అడ్డంగా సాగదీసి ఉన్నాయి, కొన్నిటికి పైనా కిందా కోసేశారు. సీరియల్ గీసిందే 4:3 కొలతలో. టీవీ నిండాలని 16:9కి లాగితే మనుషులు మూడో వంతు వెడల్పు పెరుగుతారు. కోస్తే బొమ్మ ఎత్తులో పావు వంతు పోతుంది. దగ్గరి షాట్లలో ఆంగ్ నుదుటి మీద బాణం గుర్తు సగం లేదు. హీరోకి ఉన్న గుర్తే అది, దాన్నే కత్తిరించారు మహానుభావులు.

ఇదంతా సహించవచ్చు. అసలు దెబ్బ "టేల్స్ ఆఫ్ బా సింగ్ సే" దగ్గర తగిలింది. రెండో భాగం 15వ అధ్యాయం. రిమోట్‌లో ఆడియో బటన్ నొక్కి రెండో ట్రాక్‌కి వెళ్తే కామెంటరీ వచ్చింది. ఎవరిది? తీసినవాళ్ళది కాదు. ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు సీరియల్ చూస్తూ రికార్డు చేసి నెట్‌లో పెట్టిన రియాక్షన్ వీడియో. దాని ఆడియో పీకి తెచ్చి అతికించారు. మొదట్లోనే "లైక్ కొట్టండి, సబ్‌స్క్రైబ్ చేయండి" అన్న ముక్క కూడా అలాగే ఉంది, అదైనా కోయడానికి బద్ధకం. పులస అని చెప్పి ఒడిశా ఇలస అంటగట్టినా కనీసం అది చేపే, పులుసుకి పనికొస్తుంది. ఇది దేనికి?

పైగా ఆ నవ్వులు బొమ్మతో కలవవు. ముసలాయన ఐరో ఆ కొండ మీద, చెట్టు కింద, చనిపోయిన కొడుకు బొమ్మ పెట్టి పాడే ఘట్టం మీకందరికీ తెలుసు. ఐరోకి గొంతిచ్చిన మాకో 2006లో పోయారు, ఆ ముక్క చివర ఆయనకి అంకితం అని వేస్తారు. ఎన్నిసార్లు చూసినా అక్కడ ఎవరూ నోరెత్తరు. కలెక్టరు గారి సెట్టులో మాత్రం, ముసలాయన గొంతు వణుకుతుంటే వెనక ఇద్దరు పకపకా నవ్వుతున్నారు. అంతకుముందు సీనులో దొంగ వెధవకి ఐరో నిలబడ్డం నేర్పించాడు చూడండి, ఆ నవ్వు అది. ఆలస్యంగా వచ్చి ఇక్కడ పడింది.

ఆలస్యం ఎందుకంటే, బొమ్మ తీసుకున్నది సెకనుకి 25 ఫ్రేముల పాల్ (యూరప్, ఇండియా పాత టీవీ పద్ధతి) కాపీ నుంచి. సెకనుకి దాదాపు 24 ఫ్రేములుండే దాన్ని 25కి పరిగెత్తించి చేస్తారు దాన్ని. అంటే బొమ్మ 4 శాతం చొప్పున ముందుకి పోతుంది. ఆ కుర్రాళ్ళు చూసింది మామూలు వేగంలో. కాబట్టి నిమిషానికి రెండున్నర సెకన్లు చొప్పున మాట వెనకబడుతుంది. ఎనిమిదో నిమిషానికి 20 సెకన్లు, 23 నిమిషాల ఎపిసోడ్ చివరికొచ్చేసరికి దాదాపు నిమిషం తేడా. బండి ఎప్పుడో బోల్తాపడి కేబేజీలు దొర్లిపోయాక తీరిగ్గా నవ్వొస్తుంది. ఇంకో సంగతి, అలా పరిగెత్తించినప్పుడు సరిచెయ్యకపోతే గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. మొదటి ట్రాక్‌లో ఐరో గొంతు పీలగా అనిపించడానికి కారణం అదే, మీ స్పీకర్ల తప్పు కాదు.

ఇక మూడో భాగం 17వ అధ్యాయం, "ఎంబర్ ఐలాండ్ ప్లేయర్స్". వీళ్ళ కథనే నాటకంగా వేస్తే వీళ్ళే జనంలో కూర్చుని చూస్తూ తిట్టుకునే ఎపిసోడ్. ఆంగ్ వేషం ఒకావిడ వేస్తుంది, చిన్నపిల్ల టాఫ్ వేషం కండలు తిరిగిన మొగాడు వేస్తే టాఫ్ తెగ మురిసిపోతుంది, సొక్కా తెర వెనక్కి పోయి తన పాత్రధారికి జోకులు అందిస్తాడు. మళ్ళీ చూస్తూ వెటకారం ఆడుకోవడానికి సీరియల్ మొత్తంలో ఇంతకు మించింది లేదు. మెనూలో పేరుంది, నొక్కితే వచ్చేది మొదటి భాగం 11వ అధ్యాయం "ద గ్రేట్ డివైడ్". అందరూ దాటేసే ఎపిసోడ్ అదొక్కటి ఉందంటే ఇదే కదా. లెక్క 61 అవ్వాలి కాబట్టి దాన్నే రెండుసార్లు వేశారు. ఆ నాటకంలోనే వాళ్ళు గ్రేట్ డివైడ్ పైనుంచి ఆగకుండా ఎగిరిపోతారు. కలెక్టరు గారు మాత్రం మనల్ని రెండుసార్లు దింపారు.

సరే, ఫోన్ చేస్తే ఏమన్నారో వినండి. మొదట "మీ ప్లేయరు రీజియన్ తేడా అండి" అన్నారు. రీజియన్ (డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో పెట్టే గుర్తు) కలవకపోతే డిస్కు అసలు మొదలవదు, తెర మీద హెచ్చరిక వచ్చి ఆగిపోతుంది. నవ్వులు ఆలస్యంగా రావు. ఆ మాట అంటే "మన డెల్టా తేమండి, డిస్కులు అలాగే అయిపోతాయి" అన్నారు. తేమకి బూజు పడుతుంది, బొమ్మ గళ్ళుగళ్ళుగా విరుగుతుంది, ఒక చోట ఇరుక్కుపోతుంది. తేమకి ఎపిసోడే మారిపోయి ఇంకోటి వస్తుందా? ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పట్నుంచీ ఇక్కడ తేమ మీద ఇన్ని నేరాలు మోపినవాడు ఇంకొకడు ఉండడు.

చివరికి, ఆ మర్యాద చూడండి: "ఆయ్, ఏదండీ, చిన్నపిల్లల బొమ్మల సీరియలే కదండి. దానికింత ఆరా ఏంటండి బాబూ. ఇంట్లో పిల్లలుంటే పెట్టేయండి, ఏడుపాపుతారు. డిస్కు ఒకసారి తిరిగిందంటే సెకండ్ హ్యాండేనండి, వెనక్కి తీసుకోవడం కుదరదు." ఒక్క "అండి" కూడా తప్పలేదు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాళ్ళం. అంత గౌరవంగా "నీ 5,600 నాకిచ్చావు, నీ సరదా నాకు లెక్కలేదు" అంటే ఏం చెయ్యాలి? అవతలివాళ్ళు నోరు తెరిచేలోపు ఫోన్ కట్, అయిదు నిమిషాల్లో వాట్సాప్‌లో ఆయన ఫోటో మాయం. బొమ్మల సీరియల్ అంత పిల్లల వ్యవహారమైతే సొంత కలెక్షన్ అని ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పుకున్నట్టో మరి.

కొనబోయేవాళ్ళు చూసుకోవాల్సినవి కూడా రాసేస్తా.

డిస్కు వెనక వైపు వెలుతుర్లో పట్టుకోండి. అచ్చు వేసిన డీవీడీ వెండి రంగులో ఉంటుంది. ఊదారంగు మెరిస్తే ఇంట్లో రాసిన డీవీడీ-ఆర్. కలెక్టరు గారివి తొమ్మిదీ ఊదావే. బ్లూ-రే అన్నారు, కంప్యూటర్లో పెడితే ఒక్కోటి 4.37 జీబీకి మించలేదు. బ్లూ-రే డిస్కులో ఒక్క పొరే 25 జీబీ పడుతుంది. ముందు వైపు బొమ్మ మీద తడిగుడ్డ కొస పెట్టి ఒక మూల మెల్లగా రుద్దండి. కంపెనీ అచ్చయితే చెక్కు చెదరదు. ఇక్కడ ఆంగ్ ఎక్కి ఎగిరే జంతువు అప్పా బొచ్చు నీలంగా కరిగి గుడ్డకొచ్చేసింది, ఇంక్‌జెట్ ప్రింటు. మధ్య రంధ్రం చుట్టూ సన్న అక్షరాలు చూస్తే చాలని కొందరంటారు గానీ దాన్నొక్కదాన్నే నమ్మకండి, ఖాళీ డిస్కులకి కూడా తయారీదారు నంబర్లుంటాయి.

కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడిస్తూ కంట్రోల్, జె కలిపి నొక్కితే లెక్కలన్నీ కనబడతాయి. బ్లూ-రే అయితే బొమ్మ కొలత 1920, 1080 ఉండాలి, ఫ్రేములు 23.976. 720, 576, పక్కన 25 కనబడిందా, అది పాల్ కాపీ, బాక్సు మూసేసి వచ్చేయండి. అసలు బ్లూ-రేలో బొమ్మకి రెండు పక్కలా నల్ల పట్టీలుంటాయి. తెర నిండలేదని కంగారు పడకండి, ఈ సీరియల్‌కి పట్టీలు ఉండటమే సరైనది. అలాగే 2018లో వచ్చిన ఆ బ్లూ-రే కూడా పాత మాస్టరుని (తక్కువ స్పష్టత ఉన్న అసలు కాపీని) పెంచి వేసిందే. గీతలు మరీ కత్తిలా లేవని అసలుదాన్ని నకిలీ అనుకుని వదిలేయకండి, మాయగాళ్ళు దీన్నే అడ్డం పెట్టుకుని "అసలుదే మసగ్గా ఉంటుందండి" అని తప్పించుకుంటారు. మసకకి ఒప్పుకోవచ్చు, సాగదీతకి ఒప్పుకోవద్దు.

ఎపిసోడ్లు లెక్కపెట్టి లాభం లేదు, తెరిచి చూడాలి. భాగాలవారీగా 20, 20, 21. ఎవరైనా చివరి "సోజిన్స్ కామెట్" నాలుగింటినీ ఒకటిగా కలిపితే 58 కనబడుతుంది, అది మోసం కాదు. డబ్బు కొట్టేముందు మూడో భాగం 17వ అధ్యాయం ఆడించి వీడియో పంపమనండి. రెండో ట్రాక్ పెట్టి ఏదైనా ఎపిసోడ్ మొదటి నిమిషం, చివరి నిమిషం రెండూ వినిపించమనండి. మొదటి నిమిషంలో తేడా రెండు సెకన్లే కాబట్టి తెలియదు, అందుకే అందరూ మొదలే వినిపిస్తారు. పంపను అంటే అక్కడితో వదిలేయండి.

బస్టాండులో బస్సు కదిలే టైముకి వచ్చి చేతిలో పెట్టేవాళ్ళ దగ్గర కొనొద్దు. పార్సిలైతే సీలు విప్పేటప్పుడే వీడియో తీయండి, డిస్కు వెనక వైపు కూడా పడేలా. యూపీఐలో పోయిన డబ్బుకి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే చెప్పాలి, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఆ ఖాతాలోంచి జారిపోతుంది. షాపు వాళ్ళ మీదైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. చాట్ స్క్రీన్‌షాట్లు ఆయన డిలీట్ చేసేలోపే తీసి పెట్టుకోండి.

అన్నట్టు, ఇదే సెట్టు 4,800కి "ఒక్కటే మిగిలిందండి" అని కొత్త నంబరుతో మళ్ళీ తిరుగుతోంది. అట్ట వెనక జాబితాలో 17వ అధ్యాయం పేరులో "ఐలాండ్" స్పెల్లింగ్ తప్పుంటుంది, ఎస్ లేదు. అది కనబడితే ఇదే సరుకు.